నూట నలభై తొమ్మిదో ఛానల్

ఉక్కు ల్యాబ్‌లో పనిచేసే అచ్చయ్య దేశాన్ని అమ్మేశాడని రాయ్‌పూర్ మోవా పేటలో రమణమ్మ అన్నదట. తెల్లవారకుండానే జీపు ఎక్కించుకుపోయారట. ఆయన భార్య రాజశ్రీ తలుపు కూడా తీయడం లేదట. ఇలాంటిదేదో ఉందని తను ముందే అనుకుందట. ఏదైనా జరిగిపోయాక ముందే అనుకోవడం రమణమ్మకు అలవాటు.

ఈ మాట మోసుకొచ్చినవాడు సూరిబాబు. శంకర్ నగర్‌లో కల్యాణి లాప్‌టాప్ రిపేరు షాపును ఆనుకునే అతని టీ బండి ఉంటుంది.

"పక్కా ఖబరేనమ్మా. ఉక్కు రహస్యమట. సరిహద్దు దాటించేశాడట."

"రాజశ్రీగారిని అడక్కుండా గేటే దాటడాయన. సరిహద్దు దాటిస్తాడా?" అంది కల్యాణి, స్క్రూడ్రైవర్ మీంచి చూపు తిప్పకుండానే.

అంతలో ఫోన్ మోగింది.

"కీబోర్డులో జెడ్ అంటుకుపోయింది."

"తేమా, టీ ఒలికిందా?"

"టీ."

టీ అంటే అత్యవసరం. కల్యాణి షట్టర్ సగానికి దించింది. వీధికి ఆమె రిపేరు కల్యాణి. ఢిల్లీలో మాత్రం నిఘా విభాగం ఫైలులో ఆమెను ఆర్-నైన్ అంటారు. అటువైపు మాట్లాడుతున్నది ఆ విభాగం చీఫ్ మోహనకృష్ణ.

"రాయ్‌పూర్‌లోనే ఉన్నాను. తిల్దా రోడ్డు ల్యాబ్‌లో. కవచపు ఉక్కు తయారీ పద్ధతి నాలుగు భాగాలు. మూడు బయటికి పోయాయి. ప్రహరీ బయట ఓ రిసీవర్ దొరికింది. దాని లాగ్ రికార్డులో ఉన్న వైర్‌లెస్ కార్డు నంబరు అచ్చయ్య లాప్‌టాప్‌ది. పన్నెండింటికి అతన్ని ఢిల్లీ తీసుకెళ్తున్నాం. నువ్వొచ్చి హార్డ్ డిస్కు విప్పి సీల్ చెయ్. అంతే పని."

"ఆయన కాదు సార్."

"నీ అభిప్రాయం అడగలేదు."

"అడక్కపోయినా చెప్తాను సార్. లాగ్‌లో ఛానల్ నంబరు ఎంతుంది?"

కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "నూట నలభై తొమ్మిది. ఎందుకు?"

"వస్తున్నాను." స్క్రూల డబ్బా తీసుకుంది. దాంతోపాటు స్టీలు టిఫిన్ క్యారియర్ కూడా. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో గాలిలోని సిగ్నళ్ళు పట్టే పెట్టె.

ల్యాబ్‌లో చీఫ్ కుర్చీలో కూర్చున్నాడు. అచ్చయ్య నిలబడి ఉన్నాడు. ముంజేతుల నిండా కొలిమి మచ్చలున్న అరవయ్యేళ్ళ మనిషి. ఆరింటి నుంచి ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. కిటికీ దగ్గర చాందిని. హెడ్ ఆఫీసు నుంచి సెక్యూరిటీ ఆడిట్‌కి వచ్చి నెలైంది. మెరూన్ పట్టుచీర, తల మీదికి తోసిన నల్లకళ్ళద్దాలు. ఆమెకన్నా ముందు ఆమె అత్తరు గదిలోకి వస్తుంది. ప్రూఫు కాగితాలన్నీ చీఫ్ ముందు పరిచింది ఆమే.

కల్యాణి లాప్‌టాప్ బోర్లించి మూత విప్పింది. బొటనవేలంత వైర్‌లెస్ కార్డు, దానికి నలుపు తీగ ఒకటి, తెలుపు తీగ ఒకటి. భూతద్దం పెట్టి చిప్ మీది అక్షరాలు చదివి, తీగలు ఊడబీకి, కార్డును అరచేతిలోకి తీసుకుంది.

"ఈ చిప్‌కి తెలిసింది రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్‌జ్ ఒక్కటే సార్. పదమూడు ఛానళ్ళు దాటితే దీనికి చెవుడు. నూట నలభై తొమ్మిది అయిదు గిగాహెర్ట్‌జ్‌లో ఉంటుంది. ఈ కార్డు అక్కడికి పోలేదు."

చాందిని నవ్వింది. "స్టిక్కర్ పఢియే, చదవండి మేడమ్. నా లాప్‌టాప్ ఇదే మోడల్. కార్డు మీద ఇదే పేరు. నాది రెండూ పట్టుకుంటుంది కదా?"

"ఇంటిపేరు ఒకటైతే గుణం ఒకటవుతుందా? మా రైల్వే కాలనీలో పొట్నూరివాళ్ళు ఇద్దరున్నారు. ఒకాయన రామభజన చేస్తాడు, ఇంకొకాయన పేకాట. కంపెనీవాళ్ళకి ఒక చిప్ అయిపోతే ఇంకో చిప్ వేసి, అదే స్టిక్కర్ అంటిస్తారు మేడమ్. అమ్మేవాడికి కూడా తెలీదు. విప్పినవాడికే తెలుస్తుంది."

"నంబరు మాత్రం ఇతనిదే కదా?" అన్నాడు చీఫ్.

"నంబరు ఎవరైనా ఎత్తుకుపోయి తమ కార్డుకి తగిలించుకోవచ్చు సార్. రెండు నిమిషాల పని. చిప్‌కి రాని విద్య మాత్రం ఎవడూ నేర్పలేడు."

"కార్డు మార్చి, పనయ్యాక మళ్ళీ పాతది పెట్టి ఉండొచ్చు," అంది చాందిని.

"స్క్రూ చూడండి." స్క్రూ తల మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క. కల్యాణి ఇప్పుడు విప్పిన చోట సగానికి చీలింది. "జులైలో ఫ్యాను బాగుచేసినప్పుడు నేనే పెట్టాను. మా రిపేరువాళ్ళ ఆచారం. కస్టమరు లోపల చెయ్యి పెట్టి, తర్వాత మా నెత్తిన రుద్దకుండా. ఇవాళ నేను తిప్పేదాకా ఆ చుక్క చెదరలేదు. పోనీ బయట కార్డు తగిలించాడందామా? యూఎస్‌బీ రంధ్రాలన్నీ మీరే లక్కతో మూయించారు."

చీఫ్ నుదురు రుద్దుకున్నాడు. "పదకొండున్నరైంది. పై నుంచి ఆర్డరు వచ్చేసింది కల్యాణీ. హార్డ్ డిస్కు తియ్."

"తియ్యను."

"ఏమన్నావ్?"

"తియ్యనన్నాను. ఉద్యోగం పీకేస్తే పీకెయ్యండి. నాకు షాపుంది."

చాందిని నల్లకళ్ళద్దాలు కిందికి దించుకుంది. "మీ ఇంటి గొడవ మీరు తేల్చుకోండి," అని హిందీలో విసిరేసి, చేతిసంచీతో బయటికి నడిచింది.

అయిదు నిమిషాలైనా కాలేదు, టిఫిన్ క్యారియర్ కీచుమంది. కల్యాణి పులిహోర గిన్నె పక్కన పెట్టి కింది గిన్నె తెరిచింది. చిన్న తెర మీద నంబరు వెలుగుతోంది. ఛానల్ నూట నలభై తొమ్మిది.

"ఎవరి నంబరో చదవండి సార్."

చీఫ్ చదివాడు. "అచ్చయ్యది."

"అచ్చయ్యగారి కార్డు నా అరచేతిలో ఉంది."

మాట పూర్తయ్యేలోపే కల్యాణి పరుగెత్తింది. ఆవరణలోకి వచ్చేసరికి పెట్టె కీచులాట పెరిగింది. ప్రహరీకి ఎదురుగా వేపచెట్టు నీడలో చాందిని కారు. అద్దాలు మూసి ఉన్నాయి. ఒళ్ళో లాప్‌టాప్. ప్రహరీ అవతల రోడ్డు మీద తెల్ల వ్యాన్ ఆగి ఉంది. ఆడిట్ పేరుతో చాందినికిచ్చిన నాలుగో భాగం ఆ గోడ మీదుగా వెళ్ళిపోతోంది. దొంగ దొరికాడని కాపలావాళ్ళంతా లోపలే ఉన్నారు.

కల్యాణి అద్దం బాదింది. చాందిని లాప్‌టాప్‌ను ఆమెవైపు తిప్పి చూపించింది. ఎనభై రెండు శాతం.

అద్దం పగలదు. గేటు చుట్టూ తిరిగి వ్యాన్ దగ్గరికి వెళ్ళేసరికి పని అయిపోతుంది. కల్యాణి చుట్టూ చూసింది. ఉక్కు ప్లేటు ఒకటి గాలిలో వేలాడదీసుకుని హైడ్రా క్రేన్ మెల్లగా యార్డు దాటుతోంది. క్యాబిన్‌లో కోటయ్య.

"బాబాయ్! ఆ ప్లేటు తెచ్చి కారుకీ గోడకీ మధ్య పట్టు!"

"ఇది షెడ్డుకి పోవాలమ్మా. సూపర్‌వైజర్ తిడతాడు."

"తిట్లు నేను తింటాను. పట్టు!"

కోటయ్య గొణుక్కుంటూనే స్టీరింగ్ తిప్పాడు. చాందిని ఇంజన్ స్టార్ట్ చేసింది. వెనక చెట్టు, ముందు క్రేన్. తొంభై ఒకటి. తొంభై అయిదు. తలుపంత ఎత్తు, రెండు తలుపుల వెడల్పున్న ఉక్కు ప్లేటు ఊగుతూ వచ్చి కారుకు అడ్డంగా నిలిచింది. అయిదు గిగాహెర్ట్‌జ్‌కి వేగమెక్కువ, అడ్డం దాటే దమ్ము తక్కువ. ఎవరూ వెతకని ఛానలని చాందిని ఏరుకున్న దారి ఆ ప్లేటు దగ్గరే ఆగిపోయింది.

తొంభై ఎనిమిది దగ్గర గీత నిలిచిపోయింది. పెట్టె కీచులాట ఆగింది. వ్యాన్ బయల్దేరబోతుంటే, చీఫ్ కేకకి లోపలి నుంచి పరుగెత్తుకొచ్చిన కాపలావాళ్ళు చుట్టుముట్టారు. మధ్యలో తెగిన ఫైలు తెరుచుకోదు. ఆ సంగతి చాందినికీ తెలుసు. తలుపు తెరిచి దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఒక మెకానిక్ చేతిలో," అంది హిందీలో.

"మీరు స్టిక్కరు చదివారు మేడమ్," అంది కల్యాణి.

గదిలోకి తిరిగొచ్చేసరికి పన్నెండు కావడానికి రెండు నిమిషాలుంది. చీఫ్ మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని, ఢిల్లీకి ఫోన్ చేసి ఆర్డరు రద్దు చేయించాడు. అచ్చయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆరు గంటలైంది. బల్ల మీద చెయ్యి మాత్రం ఆన్చలేదు.

చీఫ్ ఫోన్ పెట్టేసి, కాలు మీద కాలు వేసుకున్నాడు. "సారీ అచ్చయ్యగారూ. చిన్న పొరపాటు. దేశం కోసం మరిచిపోవాలి. మీరింక ఇంటికి వెళ్ళొచ్చు."

అచ్చయ్య గుమ్మంవైపు కదలకుండా, చీఫ్ కూర్చున్న కుర్చీకేసి చూసి అన్నాడు.

"లేచి నిలబడి చెప్పండి."