పాజ్ బటన్ మీద వేలు

1983 మే నెల. కొత్తగూడెం గెస్ట్‌హౌస్ గదిలోకి వచ్చిన వెరా కూర్చోలేదు, గాగుల్స్ తీయలేదు.

"కోడ్ వర్డ్?" అన్నాడు ఏజెంట్ రూప్లా. తునికాకు కాంట్రాక్టర్ వేషంలో ఉన్నాడు. వేళ్లు జేబులోని పెన్ పిస్టల్ మీదున్నాయి.

"ఇప్పపువ్వు రాలింది," ఫోన్‌లో అతనిచ్చిన మాటే అప్పజెప్పింది వెరా. "టైం లేదు. రాఘవమ్మగారి రికార్డర్‌లో బాంబు పెట్టాను."

"ఎప్పుడు పేలుతుంది?"

"టేపు తిరగడం మొదలవగానే. మూడింటికి టేకులపల్లి అవతలి గూడెంలో రికార్డింగ్." ఆ అందమైన మొహం పాలిపోయింది. "ఆవిణ్ణి చంపడానికే మా ముఠా నన్ను హైదరాబాద్ ల్యాబ్‌లో స్టూడెంట్‌గా చేర్పించింది. రెండేళ్లు ఆవిడ దగ్గర చదువుకున్నాక నా వల్ల కావడం లేదు."

గడియారం రెండుంబావు చూపిస్తోంది.

డాక్టర్ రాఘవమ్మ స్పీచ్ సైంటిస్ట్. గొంతును గీతల బొమ్మగా మార్చి, ఆ బొమ్మతో మనిషిని పట్టే పద్ధతి ఆమెది. ఇరవై ఏళ్లు అడవి గూడేలు తిరిగి ఆమె కట్టిన సిద్ధాంతం ఆరు దేశాల యూనివర్సిటీల్లో పాఠమైంది. విదేశీ ముఠా మనుషులు నలుగురు వైర్‌లెస్‌లో నోరు విప్పి దొరికిపోయింది దానివల్లే. పగ పట్టక ఏం చేస్తారు!

రూప్లాకు మాత్రం ఆవిడ తల్లి. తండాలో అందరూ నత్తోడని నవ్విన పిల్లాణ్ణి చేరదీసి మాట నేర్పింది ఆవిడే.

గూడెంలో ఫోన్ లేదు. బుల్లెట్ బండి టేకులపల్లి దాటేసరికి చేతివాచీలోని ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. మట్టిబాట మలుపులో టైరు పగిలింది. బండి పడేసి పరుగెత్తాడు. ఇంకా రెండు కిలోమీటర్లుండగానే మూడు దాటింది. ఏ క్షణాన ఆ చప్పుడు వినాల్సి వస్తుందో! మూడూ ఐదు. మూడూ పది. ఏడుస్తూనే పరుగెత్తాడు.

గుడిసె ముందు రాఘవమ్మ బతికే ఉంది! ఎదురుగా, మైకు ముందు, గూడెం ముసలమ్మ జంపక్క.

"పొద్దుగాల అంబలి తాగిన. జొన్నలు మా కోడలే దంచింది..."

రికార్డర్‌లో ముల్లు ఊగుతోంది. టేపు మాత్రం తిరగడం లేదు. ఎదుటి మనిషికి మిషనంటే బెరుకు పోయేదాకా, పాజ్ బటన్ నొక్కి ఉంచి పొద్దున ఏం తిన్నారో చెప్పించుకోవడం రాఘవమ్మ అలవాటు. ముల్లు చూస్తూ సౌండ్ లెవెల్ సరిచేసుకుంటుంది. ఈ సంగతి ఆమె పుస్తకంలో లేదు. ఆవిడ వెంట ఎప్పుడూ గూడేలకు రాని వెరాకు అసలే తెలియదు.

"ఇగ అసలు ముచ్చట మొదలువెడదామా?" రాఘవమ్మ వేలు పాజ్ బటన్ మీదికి వెళ్లింది.

అరవబోయాడు రూప్లా. ఇరవై ఏళ్ల కిందట పోయిన నత్తి ఇప్పుడే తిరిగి రావాలా!

"బ్... బ్... బ్..."

రాఘవమ్మ తలెత్తింది. తలపాగా, గుబురు మీసం ఆవిణ్ణి మోసం చేయగలిగాయేమో గానీ, ఆ గొంతు ఆవిడకు కొత్తదా? మాట పెగలని మనిషి ఎదుటుంటే ఆవిడ ఇంకే పనీ చేయదు, మాట అందించదు, ఊరికే వేచి ఉంటుంది. బటన్ మీద వేలు తీసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నిదానంగ చెప్పు రూప్లా. నేనేడికి పోను."

"బా... బాంబు!"

ఒక్క ఉదుటున వచ్చి రికార్డర్ బ్యాటరీలు ఊడబీకాడు. ఆనక అక్కడే కూలబడి ఆవిడ పాదాలు పట్టుకుని భోరుమన్నాడు.

జంపక్క ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"గిదేంది? నేనింక అంబలికాడనే ఉన్న. మామిడికాయ తొక్కు ముచ్చట ఎవలు వింటరు?"