పసుపు దారిలో మనిషి

"కాపాడాల్సింది జానకీదేవిని," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు పలికింది. "భర్తను చంపిన విదేశీ ముఠాను గుర్తుపట్టగల ఒకే ఒక్క సాక్షి. రేపు వాషింగ్టన్‌లో సాక్ష్యం. ఈ సాయంత్రం దాటించు, చాలు."

"కాపీ, అర్థమైంది," అన్నాడు ఏజెంట్ దివాకర్. షికాగోలోని ఆ మ్యూజియం గ్యాలరీలో అతనిది వెయిటర్ వేషం. చేతిలో ట్రే, జేబులో విషం జాడ పట్టే టార్చ్‌పెన్.

పోయినేడాదీ చీఫ్ ఇదే మాట అన్నాడు. అప్పుడు కాపాడాల్సింది ఆవిడ భర్త, సైంటిస్ట్ శేషగిరిని. షికాగో పక్కన అరోరాలో ఆయన ఇంటి ముందు కార్లో కూర్చుని కాఫీ తాగిన దివాకర్‌కి మగత కమ్మింది. కళ్ళు తెరిచేసరికి లోపల అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి అతనికి కంటి నిండా నిద్ర లేదు.

ఎదురుగా గోడ మీద శేషగిరి ప్రాణంగా చూసుకున్న ఆయిల్ పెయింటింగ్. జానకీదేవి ఇవాళ దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తోంది. త్రికోణాలుగా కోసి పేర్చినట్టున్న నీలం కొండలు, మధ్యలో పసుపు దారి. మోడరన్ ఆర్ట్ దివాకర్‌కి ఒక పట్టాన అర్థం కాదు. కానీ ఆ దారిలో ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తోంది. తేరిపార చూస్తే ఎవరూ లేరు.

"ఫ్రేమ్ నేనే చెక్ చేశా. క్లీన్," అంది బిందుమాధవి, పోయినేడాది కూడా అతని పార్ట్‌నర్. మ్యూజియం స్టాఫ్ వేషం, నల్ల సూట్, చేతులకు గ్లవ్స్. వచ్చినవాళ్ళలో సగం మంది బొమ్మల్ని వదిలేసి ఆమెనే చూస్తున్నారు. "రిలాక్స్ దివా. ఇక్కడ పెయింటింగ్‌ని ఎవరు ముట్టుకుంటారు?"

జానకీదేవి మెల్లగా బొమ్మ దగ్గరికి నడిచింది. బిందుమాధవి వెనక్కి జరిగింది.

అప్పుడు కనిపించాడు శేషగిరి. పసుపు దారిలో నిలబడి, తల వంచి ఫ్రేమ్ కింది అంచు వైపే చూస్తున్నాడు. దివాకర్ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. టార్చ్‌పెన్ నొక్కాడు. అంచు పొడవునా ఆకుపచ్చగా వెలిగింది.

మ్యూజియంలో ఎవరూ బొమ్మను ముట్టుకోరు, జానకీదేవి తప్ప. రోజూ స్నానం కాగానే ఆ అంచును తాకి కళ్ళకద్దుకోవడం ఆవిడకు అలవాటు. ఆ సంగతి పోయినేడాది ఆ ఇంటికి కాపలా కాసిన ఇద్దరికే తెలుసు. ఒకడు తను.

ట్రే వదిలేసి దూకాడు. వేళ్ళు అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు నాయనా. ఆయన్ని ముట్టుకోనివ్వవా?"

"విషం పూశారు ఆంటీ."

"బిందుని ఆపండి!" అని అరిచాడు. బిందుమాధవి తలుపు దాకా వెళ్ళేసరికే గార్డులు ఆమెను పట్టుకున్నారు.

"ఆవిడ చేతి వంట తిన్నావు కదా బిందూ," అన్నాడు దివాకర్.

ఆమె నవ్వింది. "ఆ రోజు కార్లోకి నీకు కాఫీ తెచ్చిచ్చిందీ నేనే కదా."

ఏడాదిగా తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

ఫ్రేమ్‌ను విప్పి, సీల్ చేసి పట్టుకుపోయారు. బొమ్మ బోసిగా మిగిలింది. దారి ఖాళీగా ఉంది.

"దూరం నుంచి దణ్ణమైనా పెట్టుకోనా? దానికీ మీ పర్మిషన్ కావాలా?" అంది జానకీదేవి.

"పెట్టుకోండి ఆంటీ. మా డిపార్ట్‌మెంట్‌లో స్కానర్ లేనిది దణ్ణానికొక్కదానికే."