అమ్మకి పుచ్చకాయ కావాలిట

నీలోత్పలకు భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన యంత్రం మాట నమ్ముతాడు, మనిషి మాటకు ఆధారం అడుగుతాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "తలనొప్పిగా ఉందండీ" అంటే, "ఏ వైపు? ఎప్పటినుంచి? కారణం ఏమై ఉంటుందంటావు?" అని ఆరా తీశాడు. ఆ ప్రశ్నలు పూర్తయ్యేసరికి రెండో వైపు కూడా మొదలైంది.

అలాంటి డాక్టర్ విభూషణరావు కనిపెట్టిందే ఆశామాపకం.

2089 నాటికి కాకినాడ సగం సముద్రం మీదే ఉంది. నీటి మీద తేలే ఆ సగాన్ని తేలుపేట అంటారు. అక్కడ ఇళ్ళన్నీ లంగర్ల మీద నిలుస్తాయి. పోటుకి లేస్తాయి, పాటుకి దిగుతాయి. కూరగాయల పడవ వచ్చినప్పుడు వంటిల్లు ఏ ఎత్తున ఉందో చూసుకుని బుట్ట దింపాలి. విభూషణరావుగారి ఇల్లూ అక్కడే.

విదేశాలకు చదువుకోడానికి వెళ్ళేవాళ్ళు తమ ఆశలూ ఆశయాలూ వ్యాసంగా రాసి పంపే పద్ధతి అప్పటికే పోయింది. ఆ వ్యాసాలు రాసేదీ కృత్రిమ మేధే, చదివి మెచ్చుకునేదీ అదే. మధ్యలో విద్యార్థి దేనికో ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడొచ్చింది మాపకం. దాన్ని తలకు రిబ్బనులా కట్టుకుని రేపటి గురించి ఆలోచిస్తే చాలు. మనసులో ప్రతి ఆశా ఎవరిదో ఒకరి గొంతులో పలుకుతుందని విభూషణరావు సిద్ధాంతం. మెదడులోని శ్రవణ కేంద్రం, అంటే ఆడిటరీ కార్టెక్స్, ఇచ్చే సంకేతాలను బట్టి మాపకం ఆ గొంతును గుర్తుపడుతుంది. మన గొంతే అయితే సొంతాశ, పచ్చదీపం. మరొకరిదైతే అరువాశ, పసుపుదీపం. సొంతాశ సగానికి తగ్గితే ఏ విశ్వవిద్యాలయమూ సీటివ్వదు.

ఆయన కూతురు తరంగిణికి ఉత్తర సముద్రం ఒడ్డున ఒక విశ్వవిద్యాలయంలో చేరాలని ఉంది. ఒండ్రుమట్టిలో లంగరు ఎందుకు జారుతుందో చదవాలట. కిందటి తుపానులో పక్కింటివాళ్ళ ఇల్లు లంగరు వదిలేసి, పొయ్యి మీద పాలగిన్నెతో సహా ఉప్పాడ దాకా వెళ్ళిపోయింది. దాన్ని తాళ్ళు కట్టి లాక్కొచ్చిన రోజు నుంచీ ఆ పిల్లకు మరో ధ్యాస లేదు. దరఖాస్తు గడువు రేపటితో సరి.

సాయంత్రం రిబ్బను కట్టుకుని కళ్ళు మూసుకుంది. పసుపుదీపం వెలిగింది.

"సొంతాశ సున్నా," అంది మాపకం. "మొత్తం అరువాశ. మూలం తల్లి."

"నేనా?" అంది నీలోత్పల. "మట్టి మీద నాకేం ఆశ? రోజూ తుడవలేక చస్తుంటే!"

"నీకు తెలియకుండానే నూరిపోసి ఉంటావు," అన్నాడు విభూషణరావు. "యంత్రానికి అబద్ధం చెప్పడం రాదు."

"మీ దగ్గరే ఉంటోంది కదా, నేర్చుకుని ఉంటుంది."

తరంగిణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాన్నగారూ, నాకు వెళ్ళాలనే ఉంది. ఉందనుకుంటున్నాను. ఇది ఇలా అన్నాక అది నాదో అమ్మదో తెలియట్లేదు. పొద్దున్న కాఫీ తాగాలనిపించింది. అదైనా నాదేనా?"

"దరఖాస్తు పంపకమ్మా." ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు. "నీది కాని ఆశ పట్టుకుని అంత దూరం వెళ్ళి ఏం చేస్తావు?"

"ఆగండి," అంది నీలోత్పల. "నేనేమేం ఆశపడ్డానో దాన్నే చెప్పమనండి. ఇన్నేళ్ళూ నాకేం కావాలో నేనూ తెలుసుకుంటాను."

మాపకం తరంగిణి జ్ఞాపకాల్లోంచి తీసి వినిపించింది. "అయిదేళ్ళ వయసు. అమ్మకి పుచ్చకాయ కావాలిట."

"నాకసలు పుచ్చకాయ పడదు. తింటే తుమ్ములు."

"ఎనిమిదేళ్ళ వయసు. అమ్మకి ఎర్ర తొక్కుడు పడవ కావాలిట."

"ఈ మోకాళ్ళతోనా!"

"పదిహేనేళ్ళు. అమ్మ నన్ను ఈతపోటీకి వెళ్ళమంటోంది."

తరంగిణి తలొంచుకుంది. "నాకు కావాలి అంటే మీరు ఎందుకు, దేనికి, రుజువేది అనేవారు నాన్నగారూ. అమ్మకి కావాలిట అంటే చెప్పులేసుకుని వెళ్ళి తెచ్చేవారు. దాంతో అలవాటైపోయింది. ఇప్పుడు ఏది కావాలన్నా లోపల అమ్మ గొంతే ముందు అడుగుతుంది."

"ఆ కిటుకు నేర్పింది నేనే," అంది నీలోత్పల, సిగ్గేమీ పడకుండా.

విభూషణరావు కాసేపు నెత్తి గోక్కున్నాడు. "ఇలా ఇంకెవరూ చెయ్యరు. మన ఇంట్లోనే ఈ విడ్డూరం."

"అయితే మీరూ కట్టుకోండి. విశాఖ సెమినారుకి రానని మొన్న కబురు పెట్టారుగా, ఎందుకో ఆలోచించండి."

కట్టుకున్నాడు. పసుపుదీపం.

"ఆశ, ఇంట్లో పడుకోవడం," అంది మాపకం. "పలికిన తీరు, మా ఇంట్లో ఒప్పుకోవట్లేదండీ. మూలం భార్య."

"నేను ఒప్పుకోకపోవడమా? ఆ ప్రయాణానికి పెట్టె సర్దింది నేనే కదండీ?"

"మరొకటి. ఆశ, పక్కవీధి పెళ్ళి తప్పించుకోవడం. పలికిన తీరు, మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు."

"ఓహో! వాళ్ళు బత్తాయిలు పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చింది అందుకా? నేను గుమ్మంలో పిండి రుబ్బుతూ కనిపించేసరికి పాపం ఎటు చూడాలో తెలియలేదు వాళ్ళకి."

పోటు వచ్చినట్టుంది, ఇల్లు నెమ్మదిగా పైకి లేచింది. విభూషణరావు బల్ల అంచు పట్టుకున్నాడు. పసుపుదీపం చూసి వెనక్కి పంపేసిన పిల్లలు ఎంతమందో! వాళ్ళ ఇళ్ళల్లో ఏ అమ్మకి ఏం కావాలిటో! ఆయనకు పేరు తెచ్చిందీ ఆ దీపమే.

"నీకు వెళ్ళాలని ఉందా?" అని కూతుర్ని అడిగాడు.

"ఉంది."

'ఎందుకు' అనబోయి నోరు మూసుకున్నాడు. రిబ్బను విప్పడం మరిచిపోయి, ఆ విశ్వవిద్యాలయంలో సీట్లు చూసే కమిటీకి ఫోను కలిపాడు. తెర మీద ఒక పెద్దావిడ కనిపించి నమస్కారం పెట్టింది. మాటలు అనువదించే యంత్రం ఎలాగూ మధ్యలో ఉంది.

"ఆశామాపకం విషయమండీ," అన్నాడు. "అంటే, అందులో పొరపాటుందని మా ఆవిడ అంటోంది..."

నుదుటి మీద పసుపుదీపం టక్కున వెలిగింది. నీలోత్పల చేతిలో అట్లకాడతో అలాగే చూస్తూ నిలబడింది.

విభూషణరావు గొంతు సవరించుకున్నాడు.

"కాదండీ. నేనే అంటున్నాను. ఇన్నాళ్ళూ నేను కొలిచింది గొంతుని, ఆశని కాదు. మా అమ్మాయి ఆశ మా అమ్మాయిదే." దీపం పసుపుకీ పచ్చకీ మధ్య కొట్టుకుంటోంది. "తప్పు నాది."