ఇప్పని కుట్టు

"మీ మిషన్ తప్పు కుడితే, దానంతట అదే ఇప్పుకుంటదా అన్నా?"

చరణ్ మిషన్ ఆపి, అడిగినామె వైపు తిరిగాడు. సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి ఆ షాపులో రోజూ ఎందరికో ఎంబ్రాయిడరీ మిషన్ నడిపి చూపిస్తాడతను. డిజైన్లెన్ని వస్తాయి, కరెంటు ఎంత కాలుతుంది, పాడైతే ఎవరొస్తారు అని అడుగుతారు జనం. ఈ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఇప్పుకునుడేంది మేడం? తప్పే కుట్టదు. స్క్రీన్ మీద పువ్వు చూపిస్తే పువ్వే కుడుతది. కాకిని కుట్టదు."

"దారం తెగితే?"

"ఆగుతది. ఆగి అరుస్తది."

"నయమే. మా ఇంట్ల ఏం తెగినా ఎవ్వరం అరవం," అంది వినీత, మిషన్ మీద వేలు పెట్టి దుమ్ము ఉందో లేదో చూస్తూ.

"మేడం, ఒక్క రిక్వెస్టు. అన్నా అనకుండ్రి. పొద్దుగాల్ల సంది కొనకుండ పోయినోళ్ళంతా అన్నా అనే పోయిన్రు."

"కొన్నోళ్ళు ఏమంటరు?"

"చరణ్ అంటరు."

"అయితే కొన్ననాడు అంట," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు దాటేదాకా చూసిన చరణ్, అవతల చేయి చాపి నిలబడ్డ కస్టమర్‌కు రసీదుకు బదులు దారం రీలు ఇచ్చాడు.

ఇక్కడి నుంచి అంతా నవ్వులూ చూపులూ అనుకునేరు. ఆగండి. వినీత ఇంటి సంగతి తెలియకపోతే ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో మీకూ అర్థం కాదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, వినీతా, తల్లి అనసూర్యా. నేతపని చేసిన తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. ముందు గదిలో సగం జాగా మగ్గానిదే. నేసే మగ్గం కాదు. పొడుగాటి చెక్కల మధ్య బట్టను బిగించి, కొక్కెం సూదితో పెళ్ళి జాకెట్ల మీద గొలుసుకుట్టు వేస్తారే, ఆ మగ్గం. అనసూర్య చేతి గొల్లభామ అంటే చుట్టుపక్కల పేరు. సిద్దిపేట చీరల మీద నెత్తిన కుండ పెట్టుకుని నడిచే ఆ బొమ్మను ఆమె జాకెట్ వీపు మీదకు దించితే, కుండలో పాలు తొణుకుతాయేమో అనిపించేది.

ఆమె కళ్ళను షుగర్ తినేసింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదెంతకాలమో చెప్పలేమనీ హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. అనసూర్య మాత్రం "జర మసక, గంతే" అని కొట్టిపారేసి మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది.

మొదటిసారి కుండ గొల్లభామ భుజం మీదకు జారింది. వినీత నోరు తెరవబోయి, తల్లి మొహం చూసి మూసుకుంది. మధ్యాహ్నం తల్లి లోపలి గదిలో నడుం వాల్చగానే ఆ కుట్టంతా ఇప్పి, తాను మళ్ళీ వేసింది. మర్నాడు పెళ్ళికూతురి తల్లి వచ్చి "ఏం చెయ్యి అనసూర్యక్కా నీది!" అంటే అనసూర్య మొహం వెలిగిపోయింది. అంతే, ఇరుక్కుపోయింది పిల్ల. నిరుడు కాదు మొన్నటేడు బతుకమ్మ పండుగ నుంచీ అదే పని. తల్లి పొద్దున వేసిందంతా మధ్యాహ్నం ఇప్పడం, మళ్ళీ వేయడం.

గొలుసుకుట్టుకు ఒక గుణముంది. కొస దొరికితే చాలు, సర్రుమని మొత్తం ఊడి వస్తుంది. ఆ చప్పుడు లోపలి గదిలోకి వినిపించేది.

"మళ్ల ఇప్పుతున్నవా బిడ్డా? చెయ్యి ఇంక కుదుర్తలేదా నీకు?" అనేది అనసూర్య మంచం మీది నుంచి. "ఏం గాదు. నేర్చుకో, వస్తది."

"ఆఁ అమ్మా. కుదుర్తలేదు," అనేది వినీత.

ఇద్దరి పనీ ఒక్కతే చేయడంతో సాయంత్రానికి ఆమె కళ్ళు నిప్పులయ్యేవి. ఒప్పుకున్న ఆర్డర్లు సమయానికి అందించలేకపోతోంది. మిషన్ కొంటే ఊపిరి ఆడుతుంది, దానికి దాచుకున్నదీ ఉంది. కానీ మిషన్ టకటకమంటే అందరూ దానికే ఇస్తారు. ఇక అమ్మ చేతికి ఎవరిస్తారు? పొద్దున లేవగానే తడుముకుంటూ మగ్గం దగ్గరకు వచ్చే మనిషి, లేచి ఎక్కడికి పోవాలి?

వారం తిరక్కుండానే చరణ్ శాంపిల్ గుడ్డ పట్టుకుని ఇల్లు కనుక్కుంటూ వచ్చాడు. దారిలో వాన పట్టుకుంది. తలుపు ఓరగా ఉంటే తోసి, నీళ్ళు కారుతూ గడపలో నిలబడ్డాడు. వినీత మగ్గం మీద వంగి గొల్లభామను కాళ్ళ నుంచి తలదాకా ఊడదీస్తోంది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. అవి వాన నీళ్ళు కావు.

"అయ్యో, గంత కష్టపడి ఏసింది ఎందుకు ఇప్పుతున్నరు?"

"సప్పుడు చెయ్యకు!" అని అతణ్ణి అరుగు మీదకు నెట్టుకొచ్చింది. చూసేశాడు కనుక చెప్పక తప్పలేదు. చూరు నుంచి కారే వానలో, గొంతు తగ్గించి, అంతా చెప్పింది. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి.

చరణ్ తెచ్చిన శాంపిల్ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అయితే మిషన్ కొనకుండ్రి," అన్నాడు.

"నువ్వు అమ్మేటోనివా, వద్దనేటోనివా?"

"నాకే తెలుస్తలేదు," అన్నాడు వెర్రిమొహం వేసుకుని. చాలా రోజుల తర్వాత వినీత నవ్వింది.

ఆ తర్వాత అతను ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు. ఒకరోజు దారం, ఒకరోజు సూదులు. చింతమడక నుంచి బండి మీద పనికి వచ్చేవాడు, వాళ్ళ గల్లీ దారిలో లేకపోయినా దారి చేసుకున్నాడు. అనసూర్యతో కూర్చుని ముచ్చట్లు పెట్టేవాడు. ఒకనాడు గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "వినీతా, నేను మిషన్ కోసం వస్తలేను," అన్నాడు.

"తెలుసు."

"మరి?"

"నేను మధ్యాహ్నం ఈ ఇల్లు ఇడిచి పోలేను. పోతే ఆ కుట్లు ఎవరు ఇప్పాలె? నన్ను అడగకు." ఆమె కూడా అతణ్ణే కోరుకుంటోంది. అందుకే ఆ మాట అంటున్నప్పుడు అతని వైపు చూడలేదు.

మిషన్‌ను ఇంటికి తెచ్చి ఒక్కసారి నడిపి చూపించమని అడిగింది ఎవరో కాదు, అనసూర్యే. పక్కింటి ఐలవ్వ కూడా తమాషా చూడ్డానికి వచ్చి కూర్చుంది. చరణ్ బట్ట బిగించి బటన్ నొక్కాడు. సూది టకటకమంటూ పువ్వు కుట్టసాగింది.

"గిదే మంచిది కొడుకా మా పిల్లకు," అంది అనసూర్య, చప్పుడు వైపు చెవి పెట్టి. "నా కడుపుల పుట్టింది గని, నా చెయ్యి రాలే దానికి. దినాం కుట్టింది ఇప్పుకుంట కూసుంటది. రెండేండ్ల సంది నేర్పుతున్న. నేను కన్ను మూస్తే ఈ ఇంట్ల పని పోయినట్టే."

"అవ్ అక్కా, నీ చెయ్యి ఎవ్వలకొస్తది?" అని నవ్వింది ఐలవ్వ.

వినీత తల వంచుకుంది. ఆ వంచిన తలను చూశాడు చరణ్. ఎర్రబడ్డ ఆ కళ్ళను చూశాడు. ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఆమె ఇప్పేది ఆమె పని గాదు. మీది."

ఐలవ్వ నవ్వు ఆగిపోయింది. మిషన్ ఒక్కటే తన పువ్వు తాను కుట్టుకుంటూ పోయి, అయిపోయాక కూత పెట్టి ఆగింది. ఐలవ్వ మెల్లగా లేచి వెళ్ళిపోయింది. అనసూర్య చేయి చాపి, మగ్గం మీది బట్టను వెతుక్కుని, పొద్దున తాను వేసిన కుట్టును వేళ్ళతో తడిమింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"గిది గూడ ఇప్పుతవా బిడ్డా?" అంది.

వినీత లేచింది. చరణ్‌ను బయటకు లాక్కొచ్చింది.

"కండ్లు పోయినయ్ ఆమెకు. ఉన్నది అదొక్కటే. అది గూడ గుంజుకున్నవ్."

"నిన్ను గట్ల అంటుంటే ఎట్ల వినాలె?"

"నేను వింట లేనా? మిషన్ ఎత్తుకపో. మళ్ల రాకు."

అతను మిషన్‌ను బండి వెనక కట్టుకుని పోయాడు. ఆ రోజు వాన కూడా లేదు.

మర్నాడు అనసూర్య మగ్గం తాళ్ళు తానే విప్పింది. చెక్కలు గోడకు చేరాయి, గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఆమె తలుపు వైపు మొహం పెట్టి కూర్చునేది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. ఒడిలో వేళ్ళు మాత్రం లేని సూదిని పట్టుకుని ఆడుతూ ఉండేవి. చరణ్ ఫోన్ చేసేవాడు. అది మోగి మోగి ఆగిపోయేది.

ఒక సాయంత్రం అనసూర్యే నోరు విప్పింది.

"శ్రీజ పెండ్లి జాకెట్?"

"నేనే అమ్మా."

"ప్రమీలాదేవి బిడ్డది? మస్తు మెచ్చుకున్నరు గద."

"నేనే."

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ కాదమ్మా, కొన్ని..."

"ఇగ అబద్ధం బంద్ చెయ్యి బిడ్డా."

వినీత ఆమె మోకాళ్ళ దగ్గర కూలబడింది. తిడుతుందనుకుంది, కొట్టినా బాగుండుననుకుంది. తల్లి చేయి ఆమె తలను వెతుక్కుంటూ వచ్చి మొహం మీద ఆగింది, కనురెప్పల మీద.

"కండ్లు గింత కాలుతున్నయేందే! నీకు చెయ్యి రాదని గల్లీ అంత చెప్పిన గదనే. నీ ముంగటనే చెప్పిన. ఎట్ల విన్నవే తల్లీ!" అని భోరుమంది. కళ్ళు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి ఆమె.

ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ పిలగాణ్ణి పిలువు," అంది.

చరణ్ వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"లోపటికి రా కొడుకా. నిజం చెప్పినోడివి, బయట నిలబడుడేంది? ఒక్కటడుగుత, సక్కగ చెప్పు. నువ్వు మా ఇంటికి మిషన్ అమ్మనీకె వచ్చినవా, మా పిల్ల కోసమా?"

"మొదటిసారి మిషన్ కోసమే అమ్మా."

"తర్వాత?"

"తర్వాత మిషన్ వంక."

"మీవోళ్ళను తోలుకరా," అంది అనసూర్య. "మిషన్ గూడ తేపో. నా కండ్లు ఎట్లనో పోయినయ్, పిల్ల కండ్లన్న మిగలాలె. గని ఒక్క మాట. దాని పెండ్లి జాకెట్ మిషన్ మీద వెయ్యద్దు. నేనేస్త. దాన్ని ఎవ్వరు ఇప్పద్దు."

"అమ్మా, నీకు..."

"కనిపియ్యదు. ఎర్కే."

మిషన్ వచ్చిన రోజు ప్లగ్గు పెట్టి, చేతులు దులుపుకుని చరణ్ ఎదురుచూస్తూ నిలబడ్డాడు. వినీత అతని వైపు చూసీ చూడనట్టు చూసి, "దారం అందియ్యి చరణ్," అంది. అతను తప్పు రంగు అందించాడు.

మగ్గం మళ్ళీ గోడ దిగింది. ఇటు మిషన్ ఊరి పెళ్ళిళ్ళ జాకెట్లు కుడుతుంటే, అటు అనసూర్య ఒక్క జాకెట్ పట్టుకుని కూర్చుంది. మొదట్లో వెలుతురైనా తెలిసేది. చలికాలం దాటేసరికి అదీ పోయింది. మధ్యాహ్నం ఆమె పడుకుంటే వినీత మగ్గం వైపు చూడకుండా ఉండడానికి మిషన్ వైపు తిరిగి కూర్చునేది.

పెళ్ళి దగ్గర పడ్డాక అనసూర్య సూది పక్కన పెట్టింది.

"అయింది. చూడు."

వినీత చూసింది. గొల్లభామ నడుము వంకర పోయింది. ఒక కాలు పొట్టిదైంది. కుండ నెత్తి మీద లేదు, భుజం మీదా లేదు. కాళ్ళ పక్కన, నేల మీద ఉంది. ముడి వేయకుండా వదిలిన దారం కొస ఒకటి వేలాడుతోంది. వినీత వేళ్ళు అలవాటుగా ఆ కొసను పట్టుకున్నాయి. ఒక్క లాగు లాగితే చాలు. మిషన్ దగ్గర నిలబడ్డ చరణ్ ఆమె చేతినే చూస్తున్నాడు.

"కుండ నెత్తి మీదనే ఉన్నదా బిడ్డా?" అడిగింది అనసూర్య.

మంచిగొచ్చింది అమ్మా. రెండేళ్ళు అలవాటైన ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"లేదమ్మా," అంది వినీత. "కింద ఉన్నది. కాళ్ళ కాడ."

అనసూర్య చేయి చాపింది. వేళ్ళతో బొమ్మను తడుముకుంటూ కుండ దాకా వచ్చి, దాన్ని చుట్టూ నిమిరి, నవ్వింది.

"పోనీ తియ్యి. ఎన్నేండ్ల సంది మోస్తున్నదో. దించుకున్నది."

వినీత ఆ కొసకు ముడి వేసింది.