చివరి అభ్యంతరం

"బస్సు తిరగదు మేడమ్," అని మొన్నటి మాటే మళ్లీ అన్నాడు ట్రాఫిక్ ఇంజనీరు, ప్లాను పక్కకు జరుపుతూ.

ఆర్కిటెక్టుకు తల ప్రాణం తోకకొచ్చింది. మెట్రో స్టేషన్ ముందున్న ఖాళీ జాగాను జనం కాసేపు కూర్చునే చోటుగా మార్చడానికి ఆమె నెలల తరబడి గీస్తూనే ఉంది. చెట్లు పెడితే బస్సులకు అడ్డమన్నాడు. బెంచీలు వేస్తే ట్యాక్సీలు ఎక్కడ ఆగాలన్నాడు. అతను చెప్పేవన్నీ నిజాలే కావడంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండేది. దిద్దీ దిద్దీ కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. అతని ముఖమూ పీక్కుపోయే ఉంది.

"తిరుగుతుంది. రండి, అక్కడే చూపిస్తాను," అని లేచింది.

స్టేషన్ చేరేసరికి వాన అందుకుంది. ఇద్దరూ మెట్ల కింద ఇరుక్కుని నిలబడ్డారు. బెంచీలు రావలసిన చోట ఆమె పెట్టించిన ఇటుకల వరస ఎదురుగా తడుస్తోంది. పొడవాటి బస్సొకటి వచ్చి, ఒక్క ఇటుకనూ తాకకుండా మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"చెప్పండి సార్. తిరిగిందా, లేదా?"

"తిరిగింది." అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "తిరుగుతుందని నాకు ముందే తెలుసు."

"ఏంటీ?"

"ఇదివరకు చెప్పినవన్నీ బస్సుల కోసమే, ఒట్టు. ఇదొక్కటే... ప్లాను ఓకే అయిపోతే మీ ఆఫీసుకు రావడానికి నాకింక వంక దొరకదు కదా."

ఇంకో రోజైతే నవ్వేదేమో.

"మీ మాట పట్టుకుని నిన్న మావాళ్లంతా మళ్లీ మొదట్నించీ కూర్చున్నారు. మాట్లాడాలనుంటే మాట్లాడాలి గానీ, మాతో ఈ గొడ్డు చాకిరీ ఏంటండీ?"

"తప్పే. సారీ." అతను ప్లాను అడిగి తీసుకుని, జల్లు పడకుండా వీపు అడ్డం పెట్టి, గోడకు ఆనించి సంతకం చేశాడు. "ఆలస్యం నా వల్లేనని మీ బాస్‌కి కూడా నేనే చెప్తాను."

సంతోషించాల్సింది పోయి, రేపట్నుంచి ఈ మనిషితో గొడవ ఉండదనుకోగానే ఆమె మనసు చివుక్కుమంది. దాన్ని దాచుకునే ఓపిక కూడా లేకపోయింది.

"టీ తాగుదాం రమ్మని అడగడం అంత కష్టమా?"

"బస్సుల గురించైతే ఎంతసేపైనా మాట్లాడగలను. ఇది నాకు చేతకాదు."

ఆమెకు నవ్వు ఆగలేదు. "కోపం పోలేదు. అయినా పదండి."

టీ కొట్టు వానకు మూసేసి ఉండటంతో ఇద్దరూ ఇళ్లకు మెట్రో ఎక్కారు. రైల్లో పక్కపక్కనే సీట్లు దొరికాయి. "వంతెన దగ్గర దిగాలి, లేపండి," అంటూనే నిద్రలోకి జారిపోయింది.

"మేడమ్, వంతెన వచ్చింది."

ఉలిక్కిపడి లేచింది. ఆమె తల ఆనిన చోట అతని చొక్కా నలిగిపోయి ఉంది.

"మరి మీరెక్కడ దిగాలి?"

"ఎప్పుడో దాటిపోయింది."

"చెప్పొచ్చుగా!"

"హాయిగా నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదు."

తలుపులు తెరుచుకున్నాయి. ఆమె అతని చెయ్యి పట్టి లేపింది.

"దిగండి. మా అమ్మ టీ పెడుతుంది. ఇన్నాళ్లూ నేను ఇంటికి ఎందుకు ఆలస్యంగా వస్తున్నానో ఆవిడకు మీరే చెప్పుకోండి."