వక్కలో ఒదిగిన రాక్షసుడు

మణిగిరి రాజ్యంలో ఏరు ఎండిపోయిన కాలమది. కొండమీద ఏటి ఊటకు అడ్డంగా శిలాదంష్ట్రుడనే రాక్షసుడు కూర్చున్నాడు. అచ్చం తనలాంటి బొమ్మ చెక్కి ఇచ్చేదాకా చుక్క నీరు వదలనన్నాడు. రాజుగారు పేరున్న శిల్పులను పంపారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. చివరికి కొయ్యబొమ్మలు చేసే వీరనను పంపితే అతడూ రాలేదు.

వీరన కూతురు చెంగల్వ. తండ్రి పొణికి కర్రతో గుర్రాలు చేస్తుంటే, ఆమె చింతగింజలూ వక్కలూ వేపపుల్లలూ ఏరుకుని వాటిమీద బొమ్మలు చెక్కేది. "చింతగింజ మీద ఏనుగును చెక్కితే ఎవరికి కనబడుతుందే?" అని తండ్రి నవ్వేవాడు. ఆ నవ్వు లేని ఇంట్లో ఉండలేక, ఆమె సూదిమొన ఉలిని కొంగున ముడివేసుకుని అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో చీమలు దారంతా కమ్ముకుని ఉన్నాయి. పాము దూరి తమ పుట్ట వాకిలి విరగ్గొట్టిందట. చెంగల్వ చింతగింజను చీల్చి, గడియతో సహా తలుపు చెక్కి బిగించింది. చీమలరాణి గడియ వేసి చూసి, తీసి చూసి, సంతోషించింది.

"ఆ రాక్షసుడి కళ్ళలోకి చూసినవాళ్ళు రాయైపోతారమ్మా" అని చెప్పింది. "బొమ్మ చెక్కేటప్పుడు వాడు కళ్ళు మూసుకునే ఉంటాడు. కానీ మీవాళ్ళు బొమ్మకు ఎదురుగా నిలబడి, ఆఖరున ఉలితో దాని కళ్ళు తెరిపిస్తారు కదా? ఆ కళ్ళూ వాడివే. మీ నాన్న అలాగే రాయయ్యాడు. ఉలి చప్పుడు ఆగితే బొమ్మ కుదరలేదనుకుని, వాడు కళ్ళు తెరవకుండానే దాన్ని తన్ని పిండిచేస్తాడు. వాడు రాయైతేనే వాళ్ళంతా మళ్ళీ మనుషులవుతారు."

ఆ తరువాత లోయ అడ్డమొచ్చింది. అక్కడ కాపలా ఉన్న రెండు తలల గండభేరుండపక్షి, తన ఈకకంటే తేలికైన ఏనుగును ఇస్తే దాటిస్తానంది. చెంగల్వ వేపపుల్ల నుంచి చీల్చిన సన్నని పేడు మీద ఏనుగును చెక్కి ఇచ్చింది. తొండం బాగుందని ఒక తల, తోక పొట్టిదని రెండో తల లోయ దాటేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాయి.

కొండమీద శిల్పులంతా రాళ్ళై నిలబడి ఉన్నారు. చివర్లో తండ్రి, ఉలి ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. చెంగల్వ ఏడవలేదు. రాక్షసుడి పాదాలమీదే చూపు నిలిపి, బొమ్మ చెక్కడానికి వచ్చానంది.

"మొనగాళ్ళే తేలిపోయారు. వేలెడంత లేవు, నువ్వేం చెక్కుతావే?" అన్నాడు వాడు.

"వేలెడంత బొమ్మే చెక్కుతా తాతా. కొండంత రాయిలో పోలిక ఎవరైనా తెస్తారు. వక్కలో తెస్తేనే పనితనం."

రాక్షసుడు మురిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. చెంగల్వ వాడి కోరలూ, బొద్దుమీసాలూ, ముక్కుమీది పులిపిరి కూడా వక్కలోకి దించింది. కళ్ళు మాత్రం మిగిల్చింది. అప్పుడు బొమ్మ ముఖాన్ని వాడివైపు తిప్పి, తన కళ్ళు గట్టిగా మూసుకుంది. చిన్న పనిలో చేయే చూపుకు అడ్డం వస్తుంది కనుక వేలికొసతో తడిమి చెక్కడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. బొటనవేలి గోటితో రెప్పలు తడిమి, ఉలిమొనతో రెండు గీతలు గీసింది.

"అయింది తాతా. పోలిక చూసుకో. చిన్నది కదా, బాగా వంగాలి."

వాడు వంగాడు. వేడి ఊపిరి ఆమె అరచేతిని తాకింది. ఉన్నట్టుండి ఆ ఊపిరి ఆగిపోయింది.

చెంగల్వ వెంటనే కళ్ళు తెరవలేదు. ముందు వక్కబొమ్మ కళ్ళను తడుముకుంటూ గీకేసింది. అంతలో వెనకనుంచి మాట వినబడింది.

"ఒసే చెంగల్వా, ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా?"

అప్పుడు తెరిచింది. అప్పుడే ఏడ్చింది కూడా.

రాయైన రాక్షసుడు ఇంకా ఊటకు అడ్డంగానే ఉన్నాడు. దానికి శిల్పులు దిగులుపడలేదు. ఎదురుగా రాయి, చేతిలో ఉలి. అందరూ కలిసి వాడి పొట్టలోంచి కాలువ తొలిచారు. ఏరు మణిగిరికి దిగింది.

రాజుగారు చెంగల్వను ఆస్థానశిల్పిని చేసి, పెద్ద పెద్ద రాళ్ళతో శిల్పశాల కట్టించారు. ఆమె మాత్రం దాని గడపమీద కూర్చుని వక్కలే చెక్కేది. వీరన ఇప్పుడు పులుసులో చింతగింజ తగిలితే పారేయడు. కడిగి, ఆరబెట్టి, కూతురి పీట పక్కన పెడతాడు.