ముఖాలు లేని ఫోటోలు

పొద్దున్నే ఇంటి గ్రూపులో ఇరవై మూడు ఫోటోలు వచ్చి పడ్డాయి. పంపింది నాన్న. క్లినిక్‌కి బయల్దేరుతున్న ఆయన కూతురు, పళ్ళ డాక్టరమ్మ, ఒక కాలికే చెప్పు వేసుకుని గుమ్మంలో ఆగిపోయింది.

అన్నీ బల్లలే. బల్లల మీద చిక్కుపడ్డ వైర్లు, విప్పిన రేడియోలు, పచ్చటి సర్క్యూట్ బోర్డులు, వాటి మీదికి వంగిన చేతులు. జనం బోలెడు మంది ఉన్నట్టే ఉంది గాని ఒక్కరి ముఖమూ లేదు. ఇదేం సరదా అనుకుంటూ ఒక్కో ఫోటో పెద్దది చేసి చూసింది. పద్నాలుగో దాంట్లో, నెల క్రితం క్లినిక్‌లో మాయమైన, పళ్ళ వెనక చూసే చిన్న నోటి అద్దం కనిపించింది. దాన్ని పట్టుకున్న బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. ఆ గోరును ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది.

నాన్న ముప్పై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలై, ఒకసారి అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్‌తో అరచెయ్యి కాల్చుకున్నాక, పనిముట్లన్నీ కూతురే ఎవరికో ఇచ్చేసింది. అప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం పార్కుకి నడకకు వెళ్తున్నాడు. కనీసం ఇంట్లో చెబుతున్నది అదే.

వంటింట్లో ఆయన ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతున్నాడు.

"నాన్నా, పార్కులో చెట్లకి రేడియోలు కాస్తున్నాయా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పొరపాటున వచ్చాయి. అవన్నీ తీసేశానుగా!"

"నీ ఫోన్లో తీసేశావు. మా ఫోన్లలో నిక్షేపంగా ఉన్నాయి."

"నాకూ వచ్చాయి. బాగున్నాయి" అంది అమ్మ, పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరక్కుండానే.

"నువ్వు ఊరుకోమ్మా! మళ్ళీ చెయ్యి కాలితే ఎవరు చూస్తారు? అయినా నాతో అబద్ధమాడతావా నాన్నా?"

"నిజం చెబితే వెళ్ళనిచ్చేదానివా?" ఆయన గొంతు పెద్దదైంది. "ఇంట్లో నన్ను గాజుబొమ్మలా చూస్తున్నారు. ఆదివారాలు పాత సామాన్లు బాగుచేసే ఆ గుంపులో నాకో పనుంది తల్లీ."

జవాబు ఆమె నాలుక చివరనే ఉంది. కానీ చేతిలో ఆ పద్నాలుగో ఫోటో ఇంకా తెరిచే ఉంది, చూపు అటే పోతోంది.

"అసలు నా అద్దంతో ఏం చేస్తున్నావు?"

అది తిట్టో, ప్రశ్నో తేల్చుకోడానికి ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ప్రశ్నే.

"బోర్డు తిప్పకుండా అడుగున అతుకులు చూడాలిగా. ఐరన్ నేను ముట్టను. ఎక్కడ తెగిందో కనిపెడతాను, నా పక్కన కూర్చునే ఒక నర్సమ్మ అతుకుతుంది. 'చేతులు వణికితేనేం మాస్టారూ, మీ చూపు వణకదుగా' అంటుంది."

ఇన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"మరి ముఖాలెందుకు తీయరు?"

ఆయన కాస్త నసిగాడు. "మా వాళ్ళు పెట్టుకున్న నియమం. సగం మంది ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్ళే."

ఆమెకు పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్నను కాపాడుకుంటున్నాననుకుంది. ఆయన తనకు దొరక్కుండా తిరగాల్సిన రోజు తానే తెచ్చింది.

"వచ్చే ఆదివారం నేనూ రానా?"

"కాపలాకా?"

"కాదు నాన్నా. చూడాలనుంది."

ఆయన గ్లాసు పక్కకు జరిపాడు.

"రా. వచ్చి ఒక ఫోటో తియ్యి. నా ముఖం కనబడేలా."